పచ్చని చేల నడుమ కరవు: పెంటపాటి సీమలో తేనెటీగల పెంపకము

తాడేపల్లిగూడెమునకు దక్షిణమున నున్న పెంటపాడు చేరి, సార్వా నాట్లు ముగిసి చేలు పచ్చబడిన శ్రావణమాసమున ఏ పంటకాలువ గట్టు మీదనో నిలిచి కొల్లేటి దిక్కునకు దృష్టి సారించిన వానికి, కనుచూపు మేర వరిచేలును, వాని నడుమ చెరువుగట్ల మీది కొబ్బరిచెట్లును దప్ప మరేమియు కానరాదు. ఇంతటి సస్యశ్యామలమైన నేల తేనెటీగలకు స్వర్గతుల్యమై యుండునని ఆతడు తలంచుటలో వింత లేదు. కాని తేనెటీగ కంటికి ఆ పచ్చదనము ఎడారితో సమానము. వరి గాలి వలన పరాగసంపర్కము నొందు గడ్డిజాతికి చెందినది. దాని పూవున మకరందము లేదు. వెన్ను తీసిన కొలది దినములు ప్రొద్దుటి పూట కొంత పుప్పొడి దొరకవచ్చును గాని, పుప్పొడి పిల్లలకు మేత యగునే గాని తేనె కాజాలదు. ఎవరో చెప్పగా విని ఉత్సాహపడి ఆషాఢమున పెట్టె తెచ్చి పెరటిలో నుంచిన వాని ఈగలు భాద్రపదము గడచులోపల ఆకలికి తాళలేక లేచిపోవును. ఆతడు ‘మనకు కలిసిరాలేదు’ అని ఖాళీ పెట్టెను అటక మీదికి చేర్చును.

తేనె పెట్టెలో పుట్టదు, పూవులో పుట్టును. ఈ సంగతి ఎరుగని వాడు లేడు. అయినను ఈ వృత్తిలో ప్రవేశింపదలచిన వారిలో పెక్కుమంది తమ మొదటి రూపాయిని పెట్టెకే వెచ్చింతురు. నన్నడిగిన, తొలుత కొనవలసినది ఒక నోటుపుస్తకము. మన దేశపు పుట్ట తేనెటీగ సాధారణముగా మేతకై గూటి నుండి ఇంచుమించు ఒక కిలోమీటరు దూరమే పోవును. గూటిని కేంద్రముగా నుంచుకొని కిలోమీటరు వ్యాసార్ధముతో వృత్తము గీచినచో, దానిలో ఇమిడెడి నేల సుమారు 775 ఎకరములు. ఆ ఈగలకు అదియే సామ్రాజ్యము. ఆ పరిధిలో ఏ మాసమున ఏ చెట్టు పూచును, ఏ పూవున మకరందము కలదు, దేనియందు పుప్పొడి మాత్రమే కలదు, ఏ నెలలో ఏమియు లేదు అను వివరమును ఏడాది పొడవున కాలినడకన తిరిగి వ్రాసికొనిన వానికి ఈ విద్యలో సగము పట్టుబడినట్లే. మిగిలిన సగము చేతిపని.

ఈ విషయమున పెంటపాటి వాస్తవ్యునకు ఒక యదృష్టము కలదు. విజ్జేశ్వరము నుండి వచ్చు ఏలూరు కాలువ ఈ దేశమును రెండుగా విభజించుచున్నది: కాలువకు దక్షిణమున గోదావరి నీటితో పండు పల్లపు భూమి, ఉత్తరమున నల్లజర్ల, ద్వారకా తిరుమల, జంగారెడ్డిగూడెముల వైపు మెల్లమెల్లగా మీదికి లేచు మెట్ట, దానికి ఆవల ఏజెన్సీ అడవులు. పల్లమున సార్వా దాళ్వా లను రెండు వరిపంటలలోను ఈగకు దక్కునది స్వల్పము. మెట్టయందో, మామిడి, జీడిమామిడి, నిమ్మ, జామ, నువ్వు, మొక్కజొన్న, పొగాకు, ఇంకను గట్ల మీద బంజరులలో నెవ్వరును నాటకయే పెరిగిన కానుగ, వేప, చింత, రేగు. కొలది మైళ్ల దూరములో ఇట్లు రెండు పూల పంచాంగము లుండుట అన్నిచోట్ల దొరకు భాగ్యము కాదు.

ఆ పంచాంగమును ఒకసారి తిరుగవేయుదము. శీతకాలమున కుంకుడుచెట్టు పూచును. పూవు కంటికి ఆనదు గాని చెట్టంతయు రొద చేయుచుండును. పుష్య మాఘములలో మామిడి పూత విస్తారముగా వచ్చును గాని, చూపునకున్నంత ఫలము అందు లేదు. మామిడికి పరాగసంపర్కము చేయువానిలో తేనెటీగల కంటె మామూలు ఈగలదే పైచేయి. ఆ కాలముననే మెట్టన జీడిమామిడి పూచును, చేలగట్ల మీద పోతుతాళ్ళు గెల వేయును, మునగ విరియును. ఫాల్గుణ చైత్రములలో వేప, నేరేడు, కానుగ ఒకదాని వెంట నొకటి వచ్చును. ఇదియే సంవత్సరమున తేనెటీగలకు సంక్రాంతి. ఎండలు ముదిరిన పిదప చింత పూచును. నిమ్మ ఏడాదిలో రెండు మూడు పర్యాయములు పూయుట వలన ఏలూరు, దెందులూరు ప్రాంతపు నిమ్మతోటల చుట్టుపట్ల నున్న ఈగలకు అప్పుడప్పుడు అనుకోని విందు లభించును. పిమ్మట వానలు, ఆషాఢము మొదలు భాద్రపదము వరకు కరవుకాలము. గట్ల మీది గడ్డిచామంతియు, బంజరులలోని పల్లేరును, ఆ కడపట రేగుపూతయు ఆ కాలమున ఈగలకు గంజినీళ్ళవంటివి.

ఇక కొబ్బరి సంగతి వేరు. దానికి ఋతువు లేదు. మంచి కాపుమీదనున్న చెట్టు నెలకొక పొత్తి విప్పును. ఆ గెలలోని రెమ్మల మొదట గుండ్రని ఆడుపూవులు కొన్ని మాత్రమే యుండగా, పైభాగమంతయు గోధుమగింజలంత మగపూవులు వేలకొలది కిక్కిరిసి యుండును. తెల్లవారుజామున అవి విచ్చుకొనును. ఎండ చుఱుక్కుమను వేళకు ఈగలు పచ్చని పుప్పొడి ముద్దలను వెనుకకాళ్ళకు తగిలించుకొని గెల చుట్టును ముసురుచుండును. ఒక గెలలోని మగపూవులు రమారమి మూడు వారములు వరుసగా రాలుచు విచ్చుచుండుటచేత, పది చెట్లున్న పెరటిలో ఎల్లప్పుడును ఏదో ఒక గెల వడ్డించుచునే యుండును. పల్లమున తేనెటీగలను బ్రతికించునది కొబ్బరి. వానిచేత తేనె పెట్టించునది మెట్ట. ఈ ఒక్క వాక్యమును పుస్తకపు మొదటి పుటలో వ్రాసికొనవచ్చును.

మెట్టన మైళ్ళకొలది వ్యాపించిన ఆయిల్‌పామ్ తోటలను చూచి, తాటిజాతిదే కదా, ఇదియు కొబ్బరివలె నుపకరించునని ఆశపడిన వారికొక మాట. దాని మగగెలల నుండి ఈగలు పుప్పొడి తెచ్చుకొనుట నిజమే గాని, ఆ పంటలో గింజ కట్టించునది తేనెటీగ కాదు. ఆఫ్రికా నుండి వచ్చిన ఒక చిన్న ముక్కుపురుగు. దానిని 1985లో కేరళమున ప్రవేశపెట్టి, తరువాత మన తోటలకు విస్తరింపజేసిరి. ఏలూరునకు సమీపమున పెదవేగిలో నున్న ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థవారి తోటలలో దానిని చూడవచ్చును. కావున అచ్చట పుప్పొడి లభించును, తేనె లభింపదు.

పూల సంగతి తెలిసిన పిదప ఈగల సంగతి. మన ప్రాంతమున తేనె కూర్చు జాతులు నాలుగైదు కలవు. ఎత్తైన చెట్లకొమ్మలకును, నీళ్ళ ట్యాంకుల క్రిందను, కొండచరియలకును ఒకే యొక పెద్దపట్టు వ్రేలాడగట్టునది కొండ తేనెటీగ. పోలవరము, బుట్టాయగూడెము ఏజెన్సీలలో కొండరెడ్లును కోయలును సేకరించు తేనె చాలవరకు దీనిదే. ఇది వెలుతురున బయట పట్టు పెట్టును గాని పెట్టెలో నిలువదు. రేగెనేని వెంటబడి కుట్టును. పొదలలో అరచేతి వెడల్పున పట్టు పెట్టు చిన్న తేనెటీగయు పెట్టెకు రాదు. పుట్టలలో, చెట్ల తొర్రలలో, పాతగోడల సందులలో చీకటిమాటున అనేక పట్టులను వరుసగా కట్టునది పుట్ట తేనెటీగ. చీకటిలో వరుసగా కట్టు స్వభావముండుట చేతనే అది పెట్టెకు లొంగినది. ఐరోపా నుండి వచ్చినదియు, జనులు ఇటాలియన్ ఈగ యని వాడుకగా పిలుచునదియు అట్టి స్వభావము గలదే.

మనిషి ఈ స్వభావమును కనిపెట్టుటకు చాలకాలము పట్టినది. అంధుడైన ఫ్రాన్స్వా హ్యూబర్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు, తన సేవకుడు బర్నెన్స్ కన్నులతో చూచి చెప్పగా, పుస్తకపు పుటలవలె తెరచి చూడదగిన పెట్టెను చేయించి ఈగల జీవితమును 18వ శతాబ్దమున పరిశోధించెను. అటుపిమ్మట అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను క్రైస్తవ మతబోధకుడు 1851లో ఒక సూక్ష్మమును గ్రహించెను: పట్టునకు పట్టునకు, పట్టునకు గోడకు నడుమ అంగుళములో మూడెనిమిదవ వంతు ఖాళీ విడిచినచో, ఈగలు దానిని నడచుదారిగా నుంచుకొనునే గాని మైనముతో పూడ్చవు. అంతకు తక్కువైన జిగురుతో అతికించును. ఎక్కువైన అందొక క్రొత్తపట్టు కట్టును. ఆ కొలత దొరకిన నాటి నుండి చట్రములను ఒక్కొక్కటిగా పైకి తీసి చూచి మరల నుంచుట సాధ్యమైనది. ఆతడు పేటెంటు పొందినది 1852లో. కాటన్ దొర ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తిచేసినదియు ఆ 1852లోనే. ఈ సీమకు వరిని తెచ్చిన నీరును, తేనెటీగకు ఇల్లు కట్టిన పెట్టెయు ఒకే యేట లోకమునకు వచ్చుట కేవలము యాదృచ్ఛికమే యైనను, పంచాంగము వ్రాసికొను వానికి గుర్తుంచుకొన సులభము.

మన దేశమున ఆ పెట్టెను ఇచ్చటి ఈగ పరిమాణమునకు కుదించిన వాడు తిరుచిరాపల్లిలోని న్యూటన్ అను క్రైస్తవ గురువు. 1911 మొదలు 1917 వరకు ఆయన గ్రామీణులకు ఈ విద్య నేర్పెను. దక్షిణమున నేటికిని ‘న్యూటన్ పెట్టె’ అను పేరు వినబడుచున్నది. 1928లో వ్యవసాయ రాయల్ కమిషన్ వారు దీనిని కుటీరపరిశ్రమగా ప్రోత్సహింపవలెనని సిఫారసు చేసిరి. స్వాతంత్ర్యానంతరము ఈ భారము ఖాదీ గ్రామోద్యోగ సంఘము వారిపై పడినది. 1962లో పూనాలో కేంద్ర తేనెటీగల పరిశోధన సంస్థ వెలసినది. ఆ యేడే హిమాచలములోని నగరోటా బగవాన్‌లో ఆచార్య అత్వాల్ ఇటాలియన్ ఈగను తొలిసారి సఫలముగా నెలకొల్పెను. 1991-92లో థాయి శాక్‌బ్రూడ్ అను వైరస్‌రోగము దక్షిణదేశమున పుట్ట తేనెటీగల గూళ్ళను ఊడ్చిపెట్టిన పిదప చాలమంది పెంపకందారులు ఆ విదేశపు ఈగ వైపు మొగ్గిరి.

అయినచో క్రొత్తవాడు దేనిని పట్టవలయును? ఇటాలియన్ ఈగ ఏడాదికి పెట్టెకు 25 నుండి 40 కిలోల తేనె నిచ్చుననియు, పుట్ట తేనెటీగ 5 నుండి 10 కిలోలే యిచ్చుననియు లెక్కజూపి మొదటిదానిని కొనుమనువారు కలరు. లెక్క సరియే. కాని ఆ 40 కిలోలు ఒకేచోట కూర్చున్న పెట్టెకు రావు. పూత వెంట ఊరూర లారీలలో త్రిప్పిన పెట్టెలకు వచ్చును. ఇటాలియన్ ఈగకు మేత యెక్కువ కావలయును, వానకాలమున పంచదార యెక్కువ పోయవలయును. వర్రోవా అను ఎఱ్ఱని నల్లి తగిలిన దానికి ప్రాణాంతకము. ఆ నల్లి అసలు మన ఈగకు చుట్టమే. తరతరములుగా దానితో కాపురము చేసిన మన ఈగ దానిని తన ఒంటి నుండి, తోటి ఈగల ఒంటి నుండి కొఱికి పడవేయ నేర్చుకొన్నది. పెరటిలో కొబ్బరియు, చుట్టును నాలుగు వేపలును, ఉదయము గంటసేపు తీరికయు గల పెంటపాటి గృహస్థునకు పుట్ట తేనెటీగయే తగినదని నా తాత్పర్యము. దీనికొక దుర్గుణము కలదు: విసుగు తొందర. ఆకలి, చీమ, మైనపుపురుగు, మాటిమాటికి మూతతీయు యజమాని, ఇందేది యధికమైనను గూడు విడిచి పోవును. 

పెట్టె నుంచు తావు చెప్పవలసియున్నది. వాకిలి తూర్పునకుండి ఉదయపుటెండ తగులవలయును. మధ్యాహ్నము నీడ యుండవలయును. నీడ కదా యని సరిగా కొబ్బరిచెట్టు క్రింద పెట్టరాదు. మట్టయో కాయయో పడిన నాడు పెంపకము సమాప్తము. నాలుగు కాళ్ళ పీట మీద పెట్టెనుంచి, ఒక్కొక్క కాలి క్రింద నీరు పోసిన గిన్నె నుంచిన గాని చీమలు వదలవు. ఆ నీటిలో ఎండుటాకు పడి వంతెన కట్టినను చాలును, ఒక్కరాత్రిలో చీమల దండు లోపల నుండును. గూటిలోపల పిల్లలున్న తావున ఈగలు ఎల్లప్పుడును 35 డిగ్రీల వేడిని నిలుపుకొనును. రోహిణీకార్తెలో బయటి వేడి దానిని మించినపుడు కొన్ని ఈగలు వాకిట బారులు తీరి రెక్కలతో విసరుచుండును, కొన్ని నీరు తెచ్చి గడుల అంచులకు పూయుచుండును. అందుచేత దగ్గరలో మంచినీటి పళ్ళెమొకటి, కాలు మోపుటకు గులకరాళ్ళు వేసి యుంచుట మేలు. అట్లు చేయనిచో పొరుగువారి కుళాయి దగ్గరకు పోవును. తగవు అచ్చట మొదలగును.

పెట్టెను తెరచి చూచుట యెట్లో కొంచెము వివరముగా చెప్పెదను. క్రొత్తవానికి భయమును, ఆనందమును ఇచ్చటనే. ఎండ వచ్చి ఈగలు పనికి పోవుచున్న ఉదయపు తొమ్మిది పది గంటల వేళ మంచిది. మబ్బున, గాలివానలో, చీకటిపడిన పిదప ముట్టరాదు. పొగడబ్బాలో ఎండిన కొబ్బరిపీచు రాజేసి, వాకిట రెండు మూడుసార్లు మెల్లగా ఊది, నిమిషమాగవలెను. పొగ సోకిన ఈగలు తేనె గడులలో తల దూర్చి కడుపునిండ త్రాగును. నిండు కడుపున కుట్టుట వానికి రుచింపదు. పెట్టె ప్రక్కన నిలువవలెనే గాని వాకిటి కెదురుగా నిలువరాదు. ఒక చివరి చట్రమును ముందు తీసి చోటు చేసికొని, తక్కినవానిని నిటారుగా పైకి లేపవలెను. క్రొత్తమైనపు పట్టును ఎండలో అడ్డముగా త్రిప్పినచో బరువున కది చట్రము నుండి విరిగి ఒడిలో పడును.

చేతిలోని పట్టును చదువ నేర్వవలయును. పైభాగమున వంపుగా తేనె, దాని క్రింద సన్నని పట్టీగా పసుపు, నారింజ, బూడిద వన్నెల పుప్పొడి, నడుమ పిల్లలు. పిల్లల గడుల కడుగున, సూర్యుని వెనుక నుంచుకొని చూచినచో, తెల్లదారపు ముక్కవంటి గ్రుడ్డు గడికొక్కటి నిలువుగానో ఒరిగియో కనబడును. మూడు దినములలో అది పొదిగి పురుగగును. పిమ్మట గడికి మైనపు మూత పడును. మొత్తము మూడు వారములకు కూలి ఈగ మూత కొఱికి వెలికివచ్చును. రాణికి 16 దినములు చాలును. పోతుటీగకు 24 పట్టును. క్రొత్తవాడు రాణిని చూడవలెనని పట్టుబట్టి పావుగంట పెట్టెను తెరచియుంచును, అది యనవసరము. గడికొక్కటిగా గ్రుడ్లు కనబడిన, మూడు దినములలోపల రాణి అచ్చట తిరిగినట్లే. ఒకే గడిలో రెండు మూడు గ్రుడ్లు చెదురుమదురుగా నున్నచో రాణి లేదనియు, కూలి ఈగలే గ్రుడ్లు పెట్టుచున్నవనియు తెలియవలెను. అట్టి గ్రుడ్ల నుండి పోతుటీగలే పుట్టును, గూడు క్షీణించును. పట్టు క్రింది అంచున వేరుసెనగకాయవంటి గడులు వ్రేలాడుచున్నచో అవి రాణి గడులు; గూడు రెండుగా చీలి సగము లేచిపోవుటకు సిద్ధమగుచున్నదని అర్థము. అపుడు చూచినవాడు తానే గూటిని రెండు పెట్టెలుగా విడదీయును. చూడనివాడు పొరుగువాని చింతచెట్టున వ్రేలాడు గుంపును చూచి నాలుక కఱచుకొనును.

కుట్టదా యని అందరును అడుగుదురు. కుట్టును. కుట్టిన ఈగ ముల్లును విషపుతిత్తితో సహా విడిచి పోయి చచ్చును. ఆ తిత్తి నొక్కకుండ గోటితో అడ్డముగా గీచి తత్క్షణమే తీయవలెను. ముల్లు దిగినచోట నుండి ఒక వాసన లేచి తక్కిన ఈగలను పిలుచును. అందలి ప్రధానద్రవ్యమే పండిన అరటిపండునకు వాసన నిచ్చునది. కనుక చక్రకేళి తిని ఆ చేతితోనే పెట్టె తెరచుట వివేకము కాదు. వాపు, మంట సామాన్యము. ఒడలంతయు దద్దురులు లేచుట, ఊపిరి ఆడకపోవుట, కన్నులు తిరుగుట కనబడిన మాత్రము సున్నమును, పసరులును నమ్ముకొనక వెంటనే ఆసుపత్రికి పోవలెను. అట్టి శరీరతత్త్వము గలవారు ఈ పనికి దూరముగా నుండుటయే క్షేమము.

పొరుగువారిని ముందే మంచి చేసికొనవలెను. “ఏవండీ, ఆ పెట్టెలు మా ప్రహరీ పక్కనే పెట్టారు, పిల్లలాడుకుంటారండీ” అని అడుగకముందే, వాకిలి వారి వైపు లేకుండ త్రిప్పి, నడుమ ఆరడుగుల దడి కట్టినచో ఈగలు తలల మీదుగా ఎగిరిపోవును. పొరుగు రైతుతో స్నేహము ఇంకను ముఖ్యము. సుడిదోమకై చేలలో చల్లు మందులు వరిపూవు కంటె గట్టు మీది కలుపుపూవులను, మడిలోని నీటిని విషముచేసి ఈగలను చంపును. మందు చల్లుట మాన్పించు శక్తి మనకు లేదు. అయినను ముందునాడు కబురు చెప్పుమనియు, ఉదయమున గాక ఈగలు గూడు చేరిన సాయంకాలమున చల్లుమనియు రైతును వేడుకొనవచ్చును. ఆనాడు చల్లుట తప్పనిచో పెట్టెను రాత్రికే దూరమునకు తరలింపవచ్చును. ఐరోపా దేశములవారు 2018లో ఇమిడాక్లోప్రిడ్ మొదలగు మూడు మందులను ఆరుబయలు చేలలో నిషేధించిరి. మన దుకాణములలో ఇమిడాక్లోప్రిడ్ ఏ పల్లెలోనైనను దొరకును.

శత్రువులలో మైనపుపురుగు బలహీనమైన గూటినే పట్టును. ఈగలు కప్పలేని ఖాళీ పట్టులను తీసివేసిన అది రాదు. కొల్లేటికి వచ్చు దూరదేశపు పక్షులను చూడ జనులు శీతకాలమున ఆటపాక వరకు పోవుదురు. పెంపకందారు చూడవలసిన పక్షి తన యింటి ముందటి కరెంటుతీగ మీదనే యుండును. పచ్చని పసిరికపిట్టయు, నల్లని పసల పోలిగాడును అచ్చట కూర్చుండి, వాకిటి నుండి వెలువడు ఈగలను ఒడుపుగా పట్టి తినుచుండును. వానిని అదలించుటకంటె చేయదగినది లేదు.

వానకాలపు కరవున పంచదారయు నీరును సమపాళ్ళలో కాచి చల్లార్చి, ప్రొద్దుగ్రుంకిన పిదప పెట్టె లోపల నుంచవలెను. బయట ఒక్క బొట్టు చిందినను ఇరుగు గూళ్ళ ఈగలు దోపిడికి వచ్చును. ఇట్లు పంచదార పోయుచున్నన్ని నాళ్ళు తేనె తీయుట మోసము. అది తేనె కాదు, ఈగ నోట త్రిప్పిన పాకము.

తేనె తీయుట చివరిపని. అడుగుగది పిల్లలది, దాని జోలికి పోరాదు. మీదిగదిలోని పట్టులలో ముప్పాతిక గడులకు మైనపుమూత పడిన పిదపనే తీయవలయును. పూవులోని మకరందమున నీరే యెక్కువ. ఈగలు దానిని విసరి విసరి నూటికి 20 పాళ్ళకు లోబడ చేసిన గాని మూత వేయవు, ఆహార ప్రమాణములును ఆ 20 పాళ్ళనే హద్దుగా పెట్టినవి. తొందరపడి పచ్చితేనె తీసినచో నెలలోపల పులియును. మూతలను కత్తితో చెక్కి, చట్రములను యంత్రములో త్రిప్పిన తేనె చిమ్మును, పట్టు చెడకుండ మరల పెట్టెకు చేరును. 1865లో హ్రుష్కా అను ఆస్ట్రియా సైనికోద్యోగి కనిపెట్టిన ఉపాయమిది. పట్టును పిండు పాతపద్ధతిలో పిల్లల రసము కూడ తేనెలో కలియును. శీతకాలమున తేనె పేరుకొనినచో కల్తీ యని గోల పెట్టువారు కలరు. పొద్దుతిరుగుడు వంటి కొన్ని పూల తేనె సహజముగనే గడ్డకట్టును, గోరువెచ్చని నీటిలో సీసాను నిలిపిన కరగును. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాచు ఆచారము మన ఇండ్లలో కలదు. ఏడాది నిండని శిశువునకు అది అపాయకరమని వైద్యులు చెప్పుచున్నారు, మానుకొనుటయే మంచిది.

నేర్చుకొనుటకు దూరము పోనక్కరలేదు. ఏలూరు నుండి చింతలపూడి పోవు త్రోవలో విజయరాయి యను గ్రామమున ఖాదీ గ్రామోద్యోగ సంఘమువారి తేనెటీగల పెంపక విస్తరణ కేంద్రము కలదు. ఒకనాటి వేంగీ రాజధానియైన పెదవేగి దాని పొరుగుననే యున్నది. తాడేపల్లిగూడెము దాటి వెంకటరామన్నగూడెములో 2007లో వెలసిన ఉద్యాన విశ్వవిద్యాలయమును, అచ్చటి కృషివిజ్ఞాన కేంద్రమును కలవు. ఏ పూత యెన్నడు వచ్చునో అడిగి తెలిసికొనుటకు అంతకంటె తగిన తావు లేదు. 2020లో కేంద్రప్రభుత్వమువారు 500 కోట్ల రూపాయలతో జాతీయ తేనెటీగల పెంపక, తేనె మిషన్‌ను ప్రకటించిరి. దాని సాయమును కోరువాడు మధుక్రాంతి యను పోర్టలులో పేరు నమోదుచేసికొనవలెను. సాయము వచ్చువరకు ఆగి మొదలుపెట్టువాడు తరచుగా పూతను పోగొట్టుకొనును గనుక, నమోదును, పనిని రెండింటిని కలిపి నడపుకొనుట మేలు.

మొదలుపెట్టుటకు కార్తీక మార్గశిరములు తగిన కాలము. వానలు వెనుకబడును, కుంకుడు మొదలు కానుగ వరకు పూత ముందుండును. అప్పుడు ఒక పెట్టె గాక రెండు పెట్టెలు తీసికొనవలయును. ఒక్క పెట్టె యున్నవానికి దాని ఈగలు బద్ధకించుచున్నవో, పూవులే లేవో తెలిసికొను దారి లేదు. రెండవది చురుకుగానుండి మొదటిది మందముగానున్నచో దోషము గూటిదేనని తెలియును. అంతకంటె ముఖ్యమైన కారణ మింకొకటి కలదు. ఒకదానిలో రాణి చచ్చినచో, రెండవదాని నుండి క్రొత్త గ్రుడ్లున్న ఒక చట్రమును, దానినంటిన ఈగలను విదల్చి, తెచ్చి ఇందులో నుంచిన చాలును. రాణి లేని ఈగలు మరునాటికే ఆ గ్రుడ్ల నుండి పొదిగిన లేతపురుగులలో కొన్నిటికి గడులను పెద్దవి చేసి, రాజాహారము పెట్టి పెంచ మొదలిడును. పదునారు దినముల లెక్కన రాణి వెలికివచ్చి, ఎండ కాచిన ఒక మధ్యాహ్నమున బయటికెగిరి పోతుటీగలతో సంగమించి తిరిగివచ్చును. నెల తిరుగులోపల ఆ గూటిలో మరల గడికొక్క గ్రుడ్డు కనబడును.